పిన్ను ఉన్న శిలువకు కుట్టెందుకు?

పతకం చేతికి రాగానే ముందు దాని అంచు చూడాలి. మీద ఉన్న బొమ్మ, రిబ్బన్ రంగు, మెరుపు అన్నీ ఆ తర్వాతే. నాకీ పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే బల్ల మీద వేలితో కొట్టి మరీ చెప్పిన మాట ఇది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన సిపాయిలకు ఇచ్చిన పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం వరసగా అచ్చుగుద్ది ఉంటాయి. బొటనవేలితో మెల్లగా తిప్పుతూ భూతద్దంలో చదివితే, ఎప్పుడో పోయిన మనిషి పిలవగానే వచ్చి హాజరు పలుకుతాడు. ఇరవై ఏళ్ళు ఆ అంచులే నాకు అన్నం పెట్టాయి. ఒక్కసారి మాత్రం ఆ అలవాటే కొంప ముంచింది. నా కొంప అయితే సరే అనుకునేదాన్ని, ముంచబోయింది ఒక పెద్దావిడ కొంప.

పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు మొన్న ఇంటికొచ్చి, "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడమ్" అన్నారు. ఏ దొంగ పతకాన్నో పట్టేసిన కథ చెప్తానని చెవులు రిక్కించి కూర్చున్నారు. ఈ కథ మొదలుపెట్టేసరికి నాకే ఒళ్ళు పులకరించి, పొయ్యి మీద పాలు పొంగిపోయిన సంగతి కూడా చూసుకోలేదు. ఆ రోజు పాల గొడవలో సగమే చెప్పాను. ఇప్పుడు మొత్తం రాస్తున్నాను, ఈ పనిలోకి వచ్చే మీ అందరి కోసం.

మా ఆఫీసు బెంగళూరు శివాజీనగర్‌లో ఒక పాత మేడ మీద ఉండేది. పాత నాణేలు, పతకాలు, సైనికుల కాగితాలు ఎవరైనా తెస్తే పరీక్షించి, ఇది ఫలానాది అని సంతకం చేసి రాసిస్తాం. అంతకు ముందు నేను జర్మన్ యంత్రాలు దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో అనువాదకురాలిని. ఏ బోల్టు ఏ వైపు తిప్పాలో జర్మన్‌లో చదివి ఇంగ్లిష్‌లో రాయడం నా పని. ఆ భాష ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు, ఆ సోమవారం దాకా.

ఆ సోమవారం పొద్దున డెబ్బై దాటిన ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. ఆమెది యలహంక పాత ఊరు. చేతిలో తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా. వెంట ఆమె చిన్నాయన కొడుకు, అరవై ఏళ్ళ మనిషి, కిరాణా వ్యాపారి. ఆమె కుర్చీలో కూర్చోకముందే డబ్బా నా బల్ల మీద పెట్టి విషయం చెప్పేసింది.

"ఇది మా నాయన డబ్బా అమ్మా. మిలిట్రీలో వంతెనలు కట్టే దళంలో ఉన్నాడు. ఎడారిలో జర్మనీ వాళ్ళకు చిక్కి, వాళ్ళ దేశంలో ఖైదీగా ఉండి వచ్చినాడు. వచ్చేటప్పుడు ఇది తెచ్చినాడు. దీంట్లో ఉండేటివి ఎవరివో నాకు రాసియ్యాల."

"అమ్మకానికా అమ్మా?"

"అమ్మేదానికి కాదు. రాయి కోసం."

ఆ రాయి సంగతి తమ్ముడు చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన తమ ఊరివాళ్ళ పేర్లు చెక్కి ఒక నల్లరాయి నిలబెడుతున్నారు. ఆ సంఘంలో ఇతనూ ఒకడు. అందరి పేర్లూ ఉన్నాయి, ఈమె తండ్రి పేరు మాత్రం లేదు. ఖైదీలుగా చిక్కిన మనవాళ్ళలో కొందరు అప్పట్లో జర్మన్ల పక్షాన చేరి వాళ్ళ యూనిఫాం వేసుకున్నారు. ఈయనా అలాగే చేరాడని, మెచ్చి వాళ్ళు పతకం ఇచ్చారని, అది డబ్బాలో దాచుకున్నాడని ఊళ్ళో మాట.

"కోపం చేసుకోవద్దు అక్కా, ఊళ్ళో అనేదే నేను చెప్తా ఉండా" అన్నాడతను.

"ఊళ్ళో ఎవరప్పా అనేది? మీ నాయనే గదా మొదలుపెట్టింది!" అని ఆమె కసిరి, నా వైపు తిరిగింది. "వాపస్ వచ్చినాక మా నాయనను నెలల తరబడి విచారణ చేసినారంట. 'నేను చేరలేదు' అని చెప్పినాడంట. ఇంటికొచ్చినాక మళ్ళా ఒక్క మాట మాట్లాడలేదు. తనకు రావాల్సిన మెడళ్ళకు అర్జీ కూడా పెట్టుకోలేదు. చేరినోళ్ళకు చేరినోళ్ళ కారణాలు ఉంటాయి, వాళ్ళను నేను అనను. మా నాయన అబద్ధం చెప్పినాడా, నిజం చెప్పినాడా? అది ఒక్కటే నాకు కావాల. చేరింటే చేరినాడని రాయి. ఊరికే నడిమధ్య నిలబెట్టొద్దు."

శనివారం పొద్దున రాళ్ళ మేస్త్రి చెక్కడం మొదలుపెడతాడట. శుక్రవారం లోపల నేను రాసిన కాగితం సంఘానికి చేరాలి. సరేనన్నాను.

వాళ్ళు మెట్లు దిగారో లేదో డబ్బా మూత తీశాను. అబ్బ! ఏం చెప్పమంటారు! మీద ఒక చిన్న గోధుమరంగు పుస్తకం. జర్మన్ సైనికుడు ప్రాణంలా జేబులో పెట్టుకుని తిరిగే జీతం పుస్తకం అది. మనిషి ఎవరు, ఏ దళం, ఎప్పుడు ఏ హోదా, ఎప్పుడు ఏ గాయం, ఏ పతకం, భార్య ఎక్కడుంటుంది, అన్నీ అందులోనే. దాని కింద నాలుగు లోహపు బిళ్ళలు. రిబ్బన్‌తో వేలాడే ఇనుప శిలువ, అది రెండో తరగతిది. పదాతి దళంతో కలిసి దాడుల్లో పాల్గొన్నవాడికి ఇచ్చే బిళ్ళ ఒకటి. గాయపడ్డవాడికి ఇచ్చే నల్ల బిళ్ళ ఇంకొకటి. నాలుగోది మొదటి తరగతి ఇనుప శిలువ. దానికి రిబ్బన్ ఉండదు, చొక్కాకు గుచ్చుకోవడానికి వెనక పిన్ను ఉంటుంది. ఈ శిలువను మాత్రం ఒక ఖాకీ గుడ్డ ముక్కకు చుట్టూ దారంతో గట్టిగా కుట్టేశారు. చొక్కా జేబు మూతలా ఉంది ఆ గుడ్డ.

నేను మామూలుగానే ముందు అంచులు చూశాను. పేర్లేమీ లేవు. జర్మన్లు పతకాల మీద పేరు వేయరు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా చెయ్యి ఆగదు కదా. అంచు ఖాళీగా కనబడగానే లోహం నాకేమీ చెప్పదని తీర్మానించేసి, పుస్తకం మీద పడ్డాను.

రెండు రోజులు అన్నం రుచి తెలియలేదు. ఆ వంకర జర్మన్ రాతను ఒక్కో అక్షరం పట్టుకుని లాగుతుంటే, మనిషి ముక్కలు ముక్కలుగా బయటకొచ్చాడు. బడిపంతులు. పదాతి రెజిమెంటులో సెకండ్ లెఫ్టినెంట్‌గా మొదలు, తర్వాత లెఫ్టినెంట్, తర్వాత కెప్టెన్. మొదటి గాయం తొడలో. రెండోది భుజంలో. మూడోది ఊపిరితిత్తిలో. దాని తర్వాత నెలల తరబడి ఆస్పత్రి. ఇక యుద్ధానికి పనికిరాడని తేల్చి, ఖైదీల శిబిరానికి కాపలా ఉండే ఒక కంపెనీకి మార్చారు. పెద్దావిడ డబ్బాతో పాటు తండ్రి రాసిన పాత ఖైదీ ఉత్తరం ఒకటి ఇచ్చి వెళ్ళింది. దాని మీది శిబిరం ముద్ర, ఈ పుస్తకంలో చివరి ముద్ర ఒకే ఊరివి! కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. ఇద్దరూ ఒకే ముళ్ళకంచెకు అటూ ఇటూ ఉన్నారన్నమాట.

ఆ శిలువ మధ్యలో ఉన్న నాజీల స్వస్తిక గుర్తు చూస్తే నిజానికి ఒళ్ళు జలదరించాలి. ఆ గుర్తు పెట్టుకున్న సైన్యం ఏమేం చేసిందో లోకానికంతా తెలుసు. ఈ బడిపంతులు ఎక్కడ ఏం చేశాడో, ఏం చూస్తూ ఊరుకున్నాడో పుస్తకం చెప్పదు. నేను మాత్రం పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లలా ఎగిరి గంతులేస్తున్నాను. ఈ పనిలో ఉన్న చెడ్డ మత్తు ఇదే. ముద్రలు, తేదీలు చదవడంలో పడితే మనుషులు కనబడరు.

కనబడలేదు కాబట్టే ఆ తప్పు చేశాను. పుస్తకంలో పతకాల పేజీ ఒకటి ఉంటుంది. ఒక్కో పతకానికి ఒక్కో వరస, తేదీ, రెజిమెంటు ముద్ర, సంతకం. అందులో మూడు వరసలే ఉన్నాయి. రెండో తరగతి శిలువ, దాడి బిళ్ళ, గాయం బిళ్ళ. డబ్బాలో ఉన్నవి నాలుగు. మొదటి తరగతి శిలువ రాయలేదు. రాయలేదంటే అతనిది కాదు. అతనిది కాదంటే ఇంకొకరిది. బుధవారం సాయంత్రం టకటకా టైపు చేసేశాను: "నాలుగవ పతకం ఈ అధికారికి చెందినది కాదు. మరొకరికి ప్రదానం చేయబడినదిగా భావించవచ్చు." కింద సంతకం కూడా ఎంత పొగరుగా పెట్టానో!

మా యజమాని గుంటూరు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ కుర్రాడు. అది చదివి ఊగిపోయాడు. "మేడమ్, ఇండియన్ సోల్జర్‌కి జర్మన్ క్రాస్! ఇది మామూలు సెన్సేషన్ కాదండి. ఒక్కసారి డిస్‌ప్లేలో పెట్టామంటే, బెళ్ళందూరు నుంచి సర్జాపుర దాకా ఈ పిచ్చి ఉన్నోళ్ళంతా మన మెట్ల మీదే ఉంటారు."

గురువారం అక్కాతమ్ముళ్ళు వచ్చారు. తమ్ముడు కాగితం తీసుకుని, ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని తెలుగులో మెల్లగా చెప్పాడు. ఆమె అంతా విని నన్నడిగింది.

"మరొకరికి అంటే ఎవరికమ్మా?"

ఆ 'మరొకరు' అన్న మాట టైపు చేసేటప్పుడు నా ముందు పుస్తకం ఉంది, ఇప్పుడు ఈమె మొహం ఉంది. తమ్ముడు కూడా గెలిచినట్టేమీ లేడు, నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమె డబ్బా మూత మూసి నా వైపే తోసింది.

"ఇది నీ దగ్గరే ఉండనీ. ఇంట్లో పెట్టుకోలేను ఇంక. ఇన్నేండ్లు ఊరంతా ఒకటంటే నేనొక్కదాన్ని ఇంకోటంటా ఉంటి. సుమ్నే, ఊరికే అరిచి సచ్చినా."

మెట్లు దిగుతూ గోడ పట్టుకుంది. వచ్చేటప్పుడు పట్టుకోలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టిందా అని అడగకండి. పట్టింది, అదే నా సిగ్గు. నేను రాసింది కరెక్టని నా నమ్మకం. నిజం చేదుగా ఉంటే నేనేం చేసేది అనుకున్నాను.

శుక్రవారం పొద్దున మా సుబేదారుగారు వచ్చారు. మదనపల్లె మనిషి. సైన్యంలో దర్జీగా చేసి రిటైరై, మా దగ్గర పతకాలను రిబ్బన్లతో పట్టీకి కుట్టే పనికి కుదిరారు. మోకాలి నొప్పితో వారం రోజులు సెలవులో ఉన్నారు. డబ్బా తెరిచి చూస్తూ, నా ఘనత అంతా ఓపిగ్గా విన్నారు. విని, "ఒక మాట అడుగుతా మేడం. మన పక్క నాయక్ కాకుండా హవల్దారు కాలేడు. వీళ్ళ పక్క ఈ మెడళ్ళకు అట్లాంటి మెట్లేమీ లేవా?" అన్నారు.

"ఉన్నాయి సుబేదారుగారూ. రెండో తరగతి శిలువ ఉన్నవాడికే మొదటి తరగతి..."

నా మొహం మండ! ఈ నియమం నాకు తెలియంది కాదు, కొత్తవాళ్ళకు పాఠంలా చెప్పేదాన్ని. మొదటి తరగతి శిలువ ఆమె తండ్రిదైతే, ఆయనకు రెండో తరగతిదీ ఉండాలి. అదేదీ? డబ్బాలో ఉన్న రెండో తరగతి శిలువ ఒక్కటే, అది అధికారిదని పుస్తకంలో ముద్రతో సహా ఉంది. కింది మెట్టు లేకుండా ఆ సిపాయి పై మెట్టు మీదికి ఎలా ఎగిరాడు?

సుబేదారుగారు నా మాట వినడం లేదు. ఖాకీ గుడ్డను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని దారం చూస్తున్నారు.

"మేడం, దీనికి పిన్ను ఉండాది గదా?"

"ఉంది."

"పిన్ను ఉండేదానికి కుట్టెందుకు?"

ఇరవై ఏళ్ళ అనుభవం, జర్మన్ డిప్లొమా, భూతద్దాలు, అన్నీ ఒక దర్జీ ప్రశ్న ముందు బోర్లా పడ్డాయి.

"తొడుక్కునేదానికి ఎవరూ ఇట్ల కుట్టరు. విప్పాలంటే బ్లేడు కావాల. ఇది వీపు కనపడకుండా వేసిన కుట్టు" అన్నారాయన.

నేను అంచు చూసి ఊరుకున్నాను. వెనక్కి తిప్పి చూద్దామన్న ఆలోచనే రాలేదు. పేరు ఎప్పుడూ అంచు మీదే కదా ఉండేది! కానీ మొదటి తరగతి శిలువకు కొందరు జర్మన్ అధికారులు సొంత ఖర్చుతో వీపు మీద తేదీ చెక్కించుకునేవాళ్ళు. అదీ నాకు తెలుసు. తెలిసి తెలిసి చూడలేదు.

కత్తెర చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. మా పనిలో ఒక కట్టుబాటుంది. ఇంటివాళ్ళు కలిపి కుట్టినదాన్ని వాళ్ళు ఎదురుగా ఉండి ఒప్పుకుంటే తప్ప విప్పకూడదు. పెద్దావిడకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. తమ్ముడికి చేశాను.

"ఇంకేమి మేడం, మేస్త్రి వచ్చేసినాడు. రాయి మీద సుద్దతో పేర్లు గీస్తా ఉండాడు. రేపు పొద్దున్నే ఉలి పెడతాడు" అన్నాడు.

"రాత్రి దాకా ఎవరినీ ఏమీ ఖాయం చేయొద్దనండి!" అని అరిచి ఫోన్ పెట్టేశాను. డబ్బా చంకలో పెట్టుకుని బయల్దేరుతుంటే యజమాని అడ్డొచ్చి, "మేడమ్, రిపోర్ట్ సైన్ చేసి ఇచ్చేశాం కదండీ, మళ్ళీ ఎందుకు?" అన్నాడు. "ఆ సంతకం నాదే, చించేదీ నేనే" అన్నాను. సుబేదారుగారు ఆ మోకాలితోనే నాకంటే ముందు మెట్లు దిగారు.

ఆటో హెబ్బాళ దగ్గర మామూలుగా ఆగిపోయింది. ముందు లారీ, వెనక బస్సు, పక్కన నీళ్ళ ట్యాంకరు. కూర్చుని ఏం చేయను? పుస్తకం తీశాను. ఈసారి పేజీలు వరసగా చదవలేదు. పతకాల పేజీలో ఒక వేలు, ఆస్పత్రి పేజీలో ఒక వేలు పెట్టి తేదీలు పక్కపక్కన చూశాను. పతకాల పేజీలో చివరి వరస రెండో గాయం తర్వాతది. మూడో గాయం తర్వాత ఆ పేజీలో ఎవరూ కలం పెట్టలేదు! ఎలా పెడతారు? ఊపిరితిత్తిలో గుండు దిగిన మనిషి ఆస్పత్రిలో, పుస్తకం అతని దగ్గరే. నమోదు చేసి ముద్ర వేయాల్సిన రెజిమెంటు గుమాస్తా ఎక్కడో యుద్ధంలో. ఆస్పత్రి మంచం మీద ఉండగా శిలువ వచ్చి ఉంటే అది పుస్తకంలోకి ఎక్కకపోవడంలో వింతేముంది!

"దొరికాడు!" అని కేకేశాను.

ఆటో అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "ఎవరు మేడం? పోలీసుకు ఫోన్ చేయాల్నా?"

"నువ్వు ముందు చూసి పోనీయప్పా" అన్నారు సుబేదారుగారు. ఆయన కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. నేను మాత్రం పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇదంతా ఊహే. శిలువ వెనక ఏముందో ఇంకా తెలియదు.

ఆమె అరుగు మీద కూర్చుని నానబెట్టిన అనపగింజలు, వాళ్ళ మాటలో అవరె, పొట్టు ఊడేలా పిదుకుతోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఆపలేదు.

"ఇంట్లో పెట్టుకోలేనని చెప్పినా గదమ్మా. మళ్ళా ఎందుకు తెచ్చినావు?"

"నేను తప్పు రాశానమ్మా."

ఆమె తలెత్తింది. "తప్పని తెలిసిందా? తప్పేమో అని అనిపించిందా?"

ఇంత పదునైన ప్రశ్న నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు. "అనిపించింది" అన్నాను. "తెలియాలంటే ఈ కుట్టు విప్పాలి. మీరు ఒప్పుకోవాలి."

పిన్ను సంగతి, మెట్ల సంగతి, ఆస్పత్రి సంగతి చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి గుడ్డను ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు దాన్ని నిమురుతూ ఉండిపోయింది.

"మా నాయన చొక్కా జేబే ఇది. ఆయనే కుట్టుకున్నాడు, మా యమ్మను కూడా ముట్టుకోనీలేదు. దీని వెనకాల ఆయన పేరే ఉంటే ఏమి చేస్తావు?"

"ఉంటే అదే రాస్తాను."

"ఆ... అట్ల చెప్పు. అట్లయితే విప్పుదాం."

సుబేదారుగారు బ్లేడు ఇవ్వబోతూ తానే విప్పుతానన్నారు. "నేనే కోస్తాను అప్పా, మా నాయన కుట్టు గదా" అందామె. ఒక్కో దారం తెగుతుంటే నేను లెక్కపెడుతున్నాను. చివరి కుట్టు తెగింది. గుడ్డ ఇంకా పిన్నుకు గుచ్చి ఉంది. ఆమె పిన్ను విప్పి, గుడ్డ లాగేసి, శిలువను బోర్లించి నాకిచ్చింది.

పిన్నుకు పైభాగాన, ఎంతో సన్నగా, కంసాలి చేతితో చెక్కిన ఒక తేదీ ఉంది. పుస్తకం తెరిచాను. ఆస్పత్రి పేజీ దాకా సుబేదారుగారే తిప్పారు. మూడో గాయంతో ఆస్పత్రిలో చేరిన తర్వాత రెండో వారంలో పడుతుంది ఆ తేదీ. సరిగ్గా అతను మంచం మీద ఉన్నప్పుడే!

"అతనిదే అమ్మా! ఇది ఆ జర్మన్ అధికారిదే! మంచం మీద ఉండగా ఇచ్చారు, అందుకే పుస్తకంలో లేదు! నేను రాసింది తప్పు, శుద్ధ తప్పు!" అని గట్టిగా అరిచేశాను. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. చూడనీ! తప్పు చేశానని తేలినందుకు అంత సంతోషపడింది నా జన్మలో ఆ ఒక్కసారే.

"మేడం" అన్నారు సుబేదారుగారు. "కింద ఇంకేమో గీసి ఉండాది."

పిన్నుకు కిందిభాగాన ఇంకో రాత. ఇది కంసాలి పని కాదు, మేకు మొనతో గీకినది. పెద్ద పెద్ద అక్షరాలు, వంకరటింకరగా. జర్మన్ కాదు. నాకు ఒక్క చూపులో అర్థమైంది. చదవడానికి నోరు తెరిచాను. సుబేదారుగారు నా మోచెయ్యి పట్టి ఆపారు. శిలువను, నా భూతద్దాన్ని ఆమె చేతిలో పెట్టారు.

"ఏమిటిది? తెలుగా?" అందామె. "నాకు తెలుగు మాట్లాడేదే వస్తుంది. చదివేది రాదు. మాది కన్నడ బడి గదా."

"చూడమ్మా, రెంటి అక్షరాలూ అక్కచెల్లెళ్ళే. వస్తుంది" అన్నారాయన.

ఆమె భూతద్దాన్ని ముందుకీ వెనక్కీ జరిపింది. పెదవులు కదిలాయి. చిన్నపిల్ల బడిలో పలక చదివినట్టు చదివింది.

"నా... ది." ఆగి, వేలితో తడుముకుంది. "కా... దు."

ఆమె ఇంకోసారి కలిపి చదివింది.

"నాది కాదు."

తనకు వచ్చే పతకం అంచు మీద సర్కారు తన పేరు వేస్తుందని ఆ సిపాయికి తెలుసు. పేరు లేని పతకం ఎవరి దగ్గరుంటే వాళ్ళదే అనుకుంటారనీ తెలుసు. అందుకే తన చేతిలో ఉన్న పేరు లేని పతకం మీద తనకు వచ్చిన అక్షరాల్లో ఆ రెండు మాటలు గీశాడు. గీసి, మళ్ళీ ఎందుకు కుట్టి దాచాడో నాకు తెలియదు. నమ్మమని ఊరిని బతిమాలడం ఇష్టం లేకనేమో.

ఆమె ఏడ్చింది. తల గోడకు ఆనించి పెద్దగా ఏడ్చింది. తర్వాత శిలువను పట్టుకుని తండ్రినే ఎదురుగా నిలబెట్టి తిట్టినట్టు తిట్టింది. "ఇంత మాట నోటితో చెప్పింటే నీ సొమ్మేమి పోతా ఉండె నాయనా! అమ్మ సచ్చేదాకా ఎదురుచూసె గదా ఈ మాటకి!" అలా తిడుతూనే కొంగుతో దాన్ని తుడుస్తోంది.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. 'నాది కాదు' అన్నదాన్ని ఇంట్లో పెట్టుకోనని ఆమె పట్టుబట్టింది. పుస్తకంలో ఉన్న ఆ అధికారి భార్య చిరునామాకు నేనే ఉత్తరం రాశాను. చాలా నెలలకు ఆయన మనవరాలి నుంచి జవాబు వచ్చింది. పుస్తకం పంపమంది, పోస్టు ఖర్చు కూడా తనే పెట్టుకుంది. శిలువ మాత్రం వద్దంది. ఆ శిలువను తన గుమ్మంలోకి రానివ్వలేనని మర్యాదగానే రాసింది. ఆయన అవన్నీ ఒక ఖైదీ చేతిలో ఎందుకు పెట్టాడన్నది ఆమెకూ తెలియదు. పెద్దావిడకు ఆ జవాబు చదివి వినిపిస్తే, "ఆ బిడ్డకూ అడిగేవాళ్ళు ఉండారేమో ఊళ్ళో" అంది.

ఇక ఆ శుక్రవారం సాయంత్రం సంగతి. రాయి దగ్గరికి నలుగురం నడిచి వెళ్ళాం. నాలుగోవాడు తమ్ముడు, మా అరుపులు విని అంగడి వదిలి పరిగెత్తుకొచ్చాడు. అతనికీ శిలువ ఇచ్చి చదవమంది అక్క. అతనూ కన్నడ బడివాడే. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, శిలువను అక్క చేతిలో పెట్టి, "మా నాయన తప్పు మాట్లాడినాడు అక్కా" అన్నాడు. అంతకంటే ఏం అనగలడు పాపం!

సంఘానికి కాగితం కావాలి కదా. నా పాత నివేదికను నాలుగు ముక్కలు చేసి, అంగడిలోంచి ఒక తెల్లకాగితం తెప్పించుకుని, ఆ రాతి దిమ్మె మీదే పెట్టి రాశాను. మొదటి తరగతి శిలువ జర్మన్ అధికారిది. తేదీ, ఆస్పత్రి పేజీ సాక్ష్యం. దాన్ని దాచిన సిపాయి వాంగ్మూలం: నాది కాదు. ఇరవై ఏళ్ళలో నేను రాసిన నివేదికల్లో అన్నిటికంటే చిన్నది అదే. సుబేదారుగారు సాక్షిగా సంతకం పెట్టారు.

మేస్త్రి చివరి వరస కింద తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమి పేరమ్మా రాసేది?"

ఆమె కొంగు సర్దుకుని, నిటారుగా నిలబడి, వీధి చివర బస్టాపు దాకా వినపడేలా తండ్రి పేరు చెప్పింది. ఆ పేరు నేనిక్కడ రాయను. రాయి మీద ఉంది, వెళ్ళి చదువుకోండి.